రెండో కొస

1 ఆగస్టు, గురువారం

జనవరిలో మందుల కంపెనీ వాళ్లు ఇచ్చిన డైరీ ఇది. ఇన్నాళ్లూ టీవీ కింద దుమ్ము పట్టి ఉంది. పదో తేదీన సర్జన్ల సంఘం మీటింగులో మాట్లాడాలి కదా, కేసులు గుర్తున్నప్పుడే రాసి పెట్టుకుందామని ఇవాళ దులిపాను.

నా ప్రసంగం పేరు "చీములో పేగు కలపడం: చేతికుట్టు అనుభవం". నలభై కేసులు, కుట్టు వదిలి లీకైనవి సున్నా. పద్నాలుగో స్లయిడు మీద ఆ సున్నాను ఎంత పెద్దగా పెట్టించానంటే, కంప్యూటర్‌లో చేసిచ్చిన అమ్మాయి గుడ్డులా ఉంది మేడం అని నవ్వింది. నవ్వనీ. ఇరవై రెండేళ్ల కష్టం ఆ గుడ్డు.

ఇవాళ్టిది నలభై ఒకటోది.

పేరు యెహెజ్కేలు, నలభై మూడేళ్లు. గడ్డిఅన్నారంలో పండ్ల మార్కెట్ ఉన్నన్నాళ్లూ అక్కడ బత్తాయి పెట్టెలు మోసేవాడు. మార్కెట్ ఊరి బయటికి పోయాక హయత్‌నగర్ నుంచి రోజూ షేర్ ఆటోలో పోయి అదే పని చేస్తున్నాడు. పన్నెండు రోజులుగా టైఫాయిడ్ జ్వరం. మెడికల్ షాపు మాత్రలతో నెట్టుకొచ్చాడు. నిన్న కడుపులో ఏదో పుటుక్కున తెగినట్టయిందట. ఇవాళ పదకొండింటికి ఎల్బీనగర్‌లో మా నర్సింగ్ హోంకి తెచ్చేసరికి పొట్ట చెక్కలా బిగుసుకుపోయి ఉంది. పేగుకు చిల్లు పడింది, కడుపంతా చీము. ఇంక ఆలోచించడానికేముంది?

థియేటర్ తలుపు దగ్గర నా చెయ్యి పట్టుకున్నాడు. వొళ్లు కాలిపోతోంది.

"సంచి పెట్టకున్రి మేడం. మా అన్నకు పెట్టిన్రు. వాసనొస్తదని ఆర్నెల్లు మందిరం బయట మెట్ల మీదనే కూసున్నడు. ఆ సంచితోనే పోయిండు."

పాడైన ముక్క కోసేశాక పేగు కొసను పొట్ట మీదికి తెచ్చి వదిలేస్తే మలం సంచిలో పడుతుంది. మూడు నెలలాగి, చీమంతా పోయాక, లోపల కలుపుతారు. చాలామంది చేసేది అదే. నేను చెయ్యను. పక్కన అతని భార్య ఎలీశమ్మ దండం పెడుతూ నిలబడింది.

"పెట్టను. నాది పూచీ" అన్నాను.

తెరవగానే రెండు లీటర్ల చీము. చిన్నపేగు చివర రెండు చిల్లులు. అడుగున్నర ముక్క కోసి తీసేశాను. కోసిన అంచు నుంచి రక్తం కారితే పేగుకు ప్రాణం ఉన్నట్టు, కుట్టు పట్టుకుంటుంది. కొసలు రెండూ చక్కగా రక్తం చిమ్మాయి. పేగు వాచి తడిసిన బొంతలా ఉంది. ఇలాంటి దానికి స్టేప్లర్ మిషను పనికిరాదు, ఆ పిన్నులు అంత మందాన్ని పట్టలేవు. చెయ్యి అయితే ఎంత బిగించాలో తెలుసుకుంటూ పోతుంది. ఒకటే వరుస, విడివిడి ముళ్లు. బిగించకు, దగ్గరికి చేర్చు అనేవారు మా ప్రొఫెసర్. పంతొమ్మిది ముళ్లు వేశాను, ఒక్కటీ వంకర లేదు.

మధ్యలో మత్తు డాక్టరు జానయ్య ఏదో గొణిగారు. ఆయనకు గొణగడం అలవాటే.

2 ఆగస్టు, శుక్రవారం

బి.పి. నిలబెట్టే మందు సాయంత్రానికి ఆపేశాం. నేను చెప్పలేదూ?

జానయ్య నిన్న గొణిగిందేమిటో కూడా రాసి పెడతాను, రేపు మీటింగులో ఎవరైనా అడిగితే జవాబు ఉండాలి. బి.పి. మందు మీద నిలబడ్డ మనిషికి పేగు అంచులకు రక్తం సరిగ్గా అందదు, ఇప్పుడు కలపొద్దు అన్నారు. "రెండు కొసలు కట్టేసి, కడుపు కడిగి పెడదాం మేడం. ఎల్లుండి మల్ల తెరిచి సూద్దాం. మంచిగుంటె అప్పుడు కలుపున్రి, లేకుంటె సంచి పెట్టున్రి." ఇదీ ఆయన మాట. ఈ మధ్య అందరూ ఇదే చదువుతున్నారు. కడుపు తెరిచి ఉంచి రెండు రోజులు కాపలా కాయడం నాకు నచ్చదు. పైగా నేను మాట ఇచ్చాను.

కొసలు రెండూ రక్తం కారాయి. నేను చూశాను.

3 ఆగస్టు, శనివారం

వార్డుకు మార్చాం. ముక్కు గొట్టం తీసేశాం. నాడి 104. జ్వరం ఉంది, టైఫాయిడ్ కదా, పోవడానికి టైము పడుతుంది.

4 ఆగస్టు, ఆదివారం

దిల్‌సుఖ్‌నగర్ ఫ్లాట్‌లోనే ఉన్నాను, రౌండ్సుకు పోలేదు. కిటికీ అవతల మెట్రో పోయినప్పుడల్లా టేబులు మీద గ్లాసు వణుకుతోంది. పద్నాలుగో స్లయిడులో నలభైని నలభై ఒకటి చేశాను. సున్నా సున్నాగానే ఉంది.

డ్యూటీ డాక్టరు ఫోన్ చేశాడు. నాడి 112 అట. రేపు చూస్తానన్నాను.

5 ఆగస్టు, సోమవారం

మంచి రోజు. ఎలీశమ్మ ఎదురొచ్చి మరీ చెప్పింది. "నిన్న బల్ల తీసుకున్నడు మేడం. మొఖం ఎంత ఎలిగిందో." మూడో రోజుకే మనిషి తనంతట తాను బల్ల దగ్గరికి లాక్కుని కూర్చున్నాడంటే ఇంక కావలసిందేముంది? కడుపులో ఏమైనా తేడా ఉంటే మంచం మీద నుంచి తల ఎత్తగలడా? కేస్ షీటులో కూడా రాశాను, లేచి కూర్చుంటున్నాడని.

జానయ్య స్కానింగ్ తీయిద్దామంటారు. నాడి 118 ఎందుకుందంటారు. బల్ల లాక్కుని కూర్చున్న మనిషికి స్కానింగ్ ఏమిటండీ అన్నాను. ఆయన నా మొహంలోకి ఒకసారి చూసి వెళ్లిపోయారు. పొట్టలో పెట్టిన డ్రైన్ గొట్టంలో నీరు కొంచెం చిక్కగా ఉంది. మొన్న కడిగిన నీళ్లే అయ్యుంటాయి. యెహెజ్కేలు నిద్రలో ఉన్నాడు. నిద్రే అనుకుంటాను.

6 ఆగస్టు, మంగళవారం

లీకు.

పొద్దున ఎనిమిదింటికి డ్రైన్‌లో పచ్చగా పేగు రసం. నాడి 140, బి.పి. లేదు. తొమ్మిదిన్నరకు మళ్లీ థియేటర్.

పంతొమ్మిది ముళ్లలో పదహారు వేసినవి వేసినట్టే ఉన్నాయి. మిగతా మూడూ తెగలేదు, ఊడలేదు. ముడి చెక్కుచెదరలేదు, దాని కింద పేగే కరిగిపోయింది. మూడూ ఒకే పక్కన, రెండో కొస వైపు. కుట్టు విప్పేసి కడిగి, రెండు కొసలూ పొట్ట మీదికి తెచ్చాను. సంచి పెట్టాను.

బయటికొచ్చి ఎలీశమ్మను, నోటికి ఏమైనా ఇచ్చావా అని అడిగాను. గట్టిగానే అడిగాను. చుక్క నీళ్లు కూడా ఇవ్వలేదంది. మళ్లీ గుచ్చి అడిగితే, "నిన్న మీకు చెప్పిన గద మేడం, బల్ల తీసుకున్నడని" అంది. బల్లకీ దీనికీ ఏమిటి సంబంధం అన్నాను. నా వెనకే వచ్చిన ఓ.టి. సిస్టర్ రూబీ మెల్లిగా చెప్పింది. వాళ్ల మందిరాల్లో ప్రభువు బల్ల అంటారట, నెల మొదటి ఆదివారం రొట్టె ముక్క, ద్రాక్షరసం ఇస్తారట. దాన్నే బల్ల తీసుకోవడం అంటారు. ఆదివారం పాస్టరు వార్డుకొచ్చి ఇచ్చి వెళ్లాడు. అది తిండి అని ఎలీశమ్మకు తోచనే లేదు. మేడం తినొద్దన్నది అన్నం, ఇది అన్నం కాదు కదా.

ఇరవై రెండేళ్లుగా ఈ ఏరియాలో ఉన్నాను. ఈ మాట నాకెందుకు తెలియలేదు?

సరే. కారణం దొరికింది.

7 ఆగస్టు, బుధవారం

వెంటిలేటరు మీద ఉన్నాడు.

కేస్ షీటులో రాశాను. ఆపరేషన్ అయిన మూడో రోజున, వద్దని చెప్పినా, నోటి ద్వారా ఆహారం ఇచ్చారు. భార్య ఒప్పుకుంది. రామారావుగారు రెండుసార్లు చదువుకున్నారు. నర్సింగ్ హోం ఆయనది, తెనాలి వైపు మనిషి, గొంతు పెంచరు. "మంచి పని చేశారమ్మా. సంతకం కూడా పెట్టించేయండి. రేపు ఎవరన్నా వచ్చి అడిగితే మనకు ఇబ్బంది ఉండదు" అన్నారు. ఎలీశమ్మ వేలిముద్ర వేసింది. ఏం రాశారని కూడా అడగలేదు.

పాపం తెలియక చేసింది. కానీ చేసింది.

మొదటి కొస బాగా రక్తం కారింది. రెండోదీ కారింది, కాస్త నిదానంగా.

8 ఆగస్టు, గురువారం

మూత్రం తగ్గింది. కిడ్నీ డాక్టరును పిలిపించాం.

9 ఆగస్టు, శుక్రవారం

ఎలీశమ్మ ఐ.సి.యు. లోపలికి రావడం మానేసింది. అద్దం తలుపు బయట నేల మీద కూర్చుంటోంది. లోపలికి రమ్మని సిస్టర్లు పిలిస్తే, ముట్టుకుంటే మళ్లీ ఏమన్నా అవుతుందేమో అంటుందట. అన్నం తినడం లేదట. పాస్టరు వస్తే మొహం తిప్పుకుందట.

నన్ను చూసి లేచి నిలబడింది. "పాస్టరయ్య నా చేతికిచ్చిండు మేడం. నా చెయ్యితోనే ఆయన నోట్ల పెట్టిన. నన్ను మాఫ్ చెయ్యున్రి."

భుజం తట్టి, అయిందేదో అయిందిలే, బాధపడకు అన్నాను.

అంటే క్షమించాను.

10 ఆగస్టు, శనివారం

మీటింగ్ బాగా జరిగింది. హాలు నిండింది. పద్నాలుగో స్లయిడును మళ్లీ నలభై చేశాను. ఇతని వైద్యం ఇంకా నడుస్తోంది కదా, ముగియని కేసు లెక్కలోకి రాదు. పైగా ఆహార నియమం తప్పిన కేసు. ఇలాంటివి వదిలేయడం మామూలే.

చివర్లో ఒక అమ్మాయి లేచింది, కొత్తగా పాసయినట్టుంది. "ఎప్పుడైనా కలపడానికి భయపడి ఆగారా మేడం?" అని అడిగింది. హాలంతా నా వైపే చూస్తోంది. పేగు చూస్తే నా చేతికి తెలిసిపోతుందన్నాను. అక్కడ ఆపితే అయిపోయేది. మనవాళ్లతో ఎన్ని తిప్పలో వినండి అని బల్ల సంగతి చెప్పాను. నేను ఆ బల్లను కూర్చునే బల్ల అనుకున్నది కూడా చెప్పాను. కుట్టు కుట్టినట్టే ఉంది, రొట్టె మాత్రం స్వర్గానికి దారి చూసుకుంది అన్నాను.

అందరూ నవ్వారు. జానయ్య మూడో వరుసలో ఉన్నారు.

11 ఆగస్టు, ఆదివారం

నవ్వారు. నేనూ నవ్వాను.

12 ఆగస్టు, సోమవారం

రూబీ ఎనిమిదేళ్లుగా నాతో చేస్తోంది. అడగకుండానే దారం అందిస్తుంది. ఇవాళ ఒక హెర్నియా ఆపరేషన్ అయ్యాక గ్లౌజులు విప్పుతూ చిన్నవేలు చూపించింది.

"ఆ రొట్టె ఎంతుంటదో ఎప్పుడన్న చూసిన్రా మేడం? గీ గోరంత ఉంటది. రసం చెంచాడు గూడ ఉండదు."

అయితే ఏమంటావన్నాను. ఏమీ అనడం లేదంది. పనిముట్లు లెక్కపెట్టుకుంటూ ఇంకో మాట చెప్పింది. తప్పు దాచుకుని బల్ల ముట్టకూడదంటారట వాళ్లు. ముందు ఎవరికి వారు లోపల వెతుక్కుని, ఒప్పుకుని, అప్పుడు చెయ్యి చాపాలట. ఎలీశమ్మ ఈ జన్మలో ఇక బల్ల ముట్టనని ఒట్టు పెట్టుకుందట.

ఇదంతా నాకెందుకు చెబుతోంది? రెండో కొస కోసినప్పుడు కత్తెర అందించింది రూబీయే. అన్నీ చూసింది.

14 ఆగస్టు, బుధవారం

గొట్టం తీశాం. తనంతట తాను ఊపిరి పీలుస్తున్నాడు. మూత్రం వస్తోంది. కళ్లు తెరిచి ముందు పొట్ట తడుముకున్నాడు. చెయ్యి సంచి మీద ఆగిపోయింది. నా వైపు చూశాడు.

నేను మానిటర్ వైపు చూశాను.

15 ఆగస్టు, గురువారం

సెలవు. కింద అపార్ట్‌మెంట్ వాళ్లు జెండా ఎగరేసి మిఠాయి పంచారు. నేను దిగలేదు.

ఈ డైరీ మొదటి నుంచి చదివాను. ఒకటో తేదీన రెండు కొసలూ చక్కగా రక్తం చిమ్మాయి. రెండో తేదీకి కారాయి. ఏడో తేదీకి రెండోది నిదానమైంది. రాసింది నేనే. ఇంత తెలివిగా ఎవర్ని మోసం చేద్దామని? ఈ పుస్తకం నేను తప్ప ఎవరూ చదవరు.

జరిగింది ఇది. మొదటి కొస బాగానే కారింది. రెండో కొస కారలేదు. రంగు కూడా గులాబీ కాదు, కమిలిన జామపండులా ఉంది. రెండు వేళ్ల వెడల్పు వెనక్కి జరిగి మళ్లీ కోశాను. అప్పుడూ కారలేదు, తడిగా మెరిసింది అంతే. ఇంకా వెనక్కి పోతే పెద్దపేగు మొదలు కూడా తీసేయాలి, ఆపరేషన్ పెద్దదవుతుంది. జానయ్య గొణగలేదు, గట్టిగానే చెప్పారు, రెండుసార్లు చెప్పారు. రూబీ సూది దారం చేతిలో పట్టుకుని నాకివ్వకుండా ఒక్క క్షణం ఆగింది. ఇవ్వమన్నాను.

రొట్టె కాదు. నోట్లో ఏమీ పెట్టకపోయినా లాలాజలం, కడుపులో రసాలు రోజూ లీటర్లలో దిగుతూనే ఉంటాయి. ఆ గోరంత ముక్కతో కుట్టు పోతుందంటే పరీక్షలో మొదటి సంవత్సరం పిల్లలను కూడా ఫెయిల్ చేస్తాను. ఆరో తేదీ పొద్దున ఆ మూడు ముళ్లు చూసినప్పుడే నాకు తెలుసు.

మాట ఇచ్చాను అని రాసుకున్నాను. అదీ అబద్ధమే. మాట కోసమైతే జానయ్య చెప్పిన దారి ఉంది, రెండు రోజులాగి చూసి కలిపితే మాటా దక్కేది, మనిషీ ఇంత నలిగేవాడు కాదు. నాకు ఆగే ఓపిక లేదు. పదో తేదీ లోపల నలభై ఒకటి కావాలి. నలభై ఒకటి, సున్నా. అదీ సంగతి.

సోమవారం నాడు స్కానింగ్ తీసి ఉంటే ఒక రోజు ముందు దొరికేది. బల్ల అన్న మాట అర్థం కాక కాదు. నాకు కావలసిన అర్థం అందులో దొరికింది కాబట్టి.

16 ఆగస్టు, శుక్రవారం

చెప్పలేదు.

17 ఆగస్టు, శనివారం

వార్డుకు మార్చాం. ఎలీశమ్మ వార్డు బయట వరండాలో. ఇవాళా చెప్పలేదు. కోర్టులు, కేసులు అనుకుంటున్నాను గానీ నిజంగా భయం వాటికి కాదు. ఆమె మొహం చూడటానికి.

18 ఆగస్టు, ఆదివారం

ఆదివారం పది గంటలకు పోయాను. నన్ను చూసి డ్యూటీ సిస్టర్ కంగారుపడి కుర్చీ తుడిచింది.

ఎలీశమ్మ వరండాలో గోడకానుకుని కూర్చుంది. పక్కన కూర్చున్నాను. ఆమె గబుక్కున జరిగింది. ఏం చెప్పాలో దారి పొడుగునా అనుకుంటూ వచ్చాను, ఒక్కటీ గుర్తు రాలేదు.

"నీ రొట్టె వల్ల కాలేదమ్మా. నా వల్ల అయింది" అన్నాను.

అర్థం కానట్టు చూసింది. ఓదారుస్తున్నాననుకుంది కాబోలు, తల అడ్డంగా ఊపింది. ఇంక దాచకుండా మొదటి నుంచి చెప్పాను. పేగు ఒక కొస బాగాలేదని, అది తెలిసీ కుట్టానని, పక్క డాక్టరు వద్దన్నా వినలేదని, ఆ రోజే సంచి పెట్టి ఉంటే ఈ రెండో ఆపరేషన్, వెంటిలేటరు ఏవీ ఉండేవి కావని. మీటింగ్ సంగతి కూడా చెప్పాను. అది చెప్పడమే అన్నింటికన్నా కష్టమైంది. హాల్లో నవ్వారని చెప్పాను.

ఎలీశమ్మ తన కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుని దాన్నే చూసుకుంటోంది.

"ఆయనను ముట్టక పన్నెండు దినాలైంది" అంది. "నా చెయ్యి నాకే పాపమనిపిచ్చింది. మీకు తెల్సి గూడ నన్ను గిట్ల ఎందుకు కూసోవెట్టిన్రు?"

ఏడ్వలేదు, గొంతు పెంచలేదు. జవాబు కోసం ఆగింది. భయపడ్డాను అన్నాను. ఆమె లేచి, కొంగు సర్దుకుని, వార్డులోకి పోయింది. తలుపు అద్దంలోంచి చూశాను. మంచం దగ్గర నిలబడి ఒక నిమిషం తటపటాయించి, అతని నుదుటి మీద చెయ్యి పెట్టింది. ఆ చెయ్యే.

నాకు ఏడుపొచ్చింది. మెట్ల దగ్గర నిలబడి ఏడ్చాను. వాచ్‌మన్ చూశాడు, చూడనీ.

19 ఆగస్టు, సోమవారం

యెహెజ్కేలుకు నేనే చెప్పాను. ఎలీశమ్మ అప్పటికే చెప్పిందట, అయినా చివరిదాకా విన్నాడు. సంచి వద్దని బతిమాలింది నేనే కదా మేడం, తప్పు నాది కూడా అన్నాడు. ఎంత సులువుగా అందరూ నా తప్పు మోయడానికి ముందుకొస్తారో. ఈసారి మొయ్యనివ్వలేదు. అడగడం నీ పని, కాదనడం నా పని, నా పని నేను చెయ్యలేదు అన్నాను.

కళ్లు మూసుకున్నాడు. నేను పోయేదాకా తెరవలేదు.

20 ఆగస్టు, మంగళవారం

కేస్ షీటులో పాత రాత కొట్టేయలేదు. కొట్టేస్తే ఇంకో మోసం. దాని కింద తేదీ వేసి రాశాను. లీకుకు కారణం ఆహారం కాదు. రెండో కొసకు రక్తప్రసరణ చాలకపోయినా కలపడం నా నిర్ణయం. కలపవద్దని మత్తు డాక్టరు చెప్పారు. సంతకం.

రామారావుగారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "ఇది ఎవరు రాయమన్నారమ్మా మిమ్మల్ని? వాళ్లడగలేదు కదా" అన్నారు. అడగలేదన్నాను. నర్సింగ్ హోం పేరు పోతే నలభై మంది రోడ్డున పడతారన్నారు. నిజమే. ఆ రాత తుడిచేయడానికి నేను ఒప్పుకోలేదు. చీము కేసులు ఇకనుంచి నేను ఒక్కదాన్నే చేయకూడదని, రెండో సర్జన్ కూడా చూసి ఒప్పుకోవాలని షరతు పెట్టారు. ముందు చెవుల దాకా ఎర్రబడ్డాను. తర్వాత సరేనన్నాను.

సంఘం కార్యదర్శికి ఉత్తరం పంపాను. నా కేసులు నలభై ఒకటి, లీకు ఒకటి, హాల్లో చెప్పిన కారణం తప్పు, సభ్యులందరికీ తెలియజేయగలరు అని. పంపాక గంటసేపు ఫోన్ బోర్లా పెట్టుకున్నాను.

జానయ్యకు కూడా చెప్పాను. విని, "చాయ్ తాగుదాం పాండ్రి మేడం" అన్నారు. అంతే.

24 ఆగస్టు, శనివారం

డిశ్చార్జ్. సంచి ఎట్లా మార్చాలో రూబీ ఎలీశమ్మకు నేర్పింది. ఎలీశమ్మ నాతో మాట్లాడటం లేదు. ఏమైనా అడగాల్సి వస్తే రూబీని అడుగుతోంది. నేను పక్కనే ఉన్నా.

25 ఆగస్టు, ఆదివారం

పద్నాలుగో స్లయిడు తెరిచాను. సున్నా ఉన్న చోట ఒకటి పెట్టాను. ఒకటి సన్నగా ఉంటుంది, అంత చోటు అక్కర్లేదు.

2 సెప్టెంబరు, సోమవారం

రివ్యూకి వచ్చారు. యెహెజ్కేలు బాగా చిక్కాడు కానీ నడిచొచ్చాడు. పుండు మానుతోంది. చొక్కా కింద సంచి కనబడకుండా గుడ్డ పట్టీ ఒకటి కుట్టించుకున్నాడు. మార్కెట్లో పెట్టెలు మోసేవాళ్లు నడుముకు కట్టుకునే పట్టీ లాంటిదే.

నిన్న నెల మొదటి ఆదివారం. అడగొచ్చో లేదో తెలియక తటపటాయిస్తుంటే అతనే చెప్పాడు. మందిరానికి పోయారట. అన్న సంగతి గుర్తొచ్చి మెట్ల మీదే కూర్చోబోతే ఎలీశమ్మ చెయ్యి పట్టి లోపలికి తీసుకుపోయి ముందు వరుసలో కూర్చోబెట్టిందట. బల్ల ఇద్దరూ తీసుకున్నారట. ఎలీశమ్మ కిటికీలోంచి బయటికి చూస్తోంది.

పేగు కలిపేది నవంబరులో అని చెప్పాను. నా దగ్గరే చేయించుకోవాలని లేదు, వేరే ఎవరి దగ్గరికైనా ఉత్తరం రాసిస్తాను, అన్ని కాగితాలూ, నేను రాసింది కూడా జతచేసి ఇస్తాను అన్నాను. యెహెజ్కేలు భార్య వైపు చూశాడు. ఆమె తల తిప్పలేదు. అతనే, మీరే చూడండి, మా కడుపు లోపల సంగతి మీకే తెలుసు అన్నాడు. రెండో సర్జన్ కూడా ఉంటాడని చెప్పాను. మంచిదేనన్నాడు.

పోబోతూ తలుపు దగ్గర ఆగాడు. ఆ రోజు థియేటర్ తలుపు దగ్గర ఆగినట్టే.

"ఈసారి అతుకుతది గద మేడం?"

నాది పూచీ అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఇరవై రెండేళ్ల అలవాటు, అంత తొందరగా ఎక్కడికి పోతుంది? మింగేశాను.

"తెరిచి, కొసలు రెండూ చూస్తే గాని చెప్పలేను. బాగాలేకపోతే ఈసారి కలపను" అన్నాను.

అతని మొహం కొంచెం వాడింది. ఎలీశమ్మ కిటికీ వైపు నుంచి తిరిగింది. పద్దెనిమిదో తేదీ తర్వాత మొదటిసారి నన్ను సూటిగా చూసింది.

"గట్లనే చెప్పున్రి మేడం" అంది.